నది ఒడ్డు ఊళ్ళో చలికాలపు పొగ: గాలిని ఎలా గమనించాలి, ఇంటిల్లిపాదినీ ఎలా కాపాడుకోవాలి

డిసెంబరు, జనవరి నెలల్లో భద్రాచలం కరకట్ట మీద తెల్లవారుజామున ఐదింటికే నడకకు వచ్చేవాళ్ళు కనిపిస్తారు. మంకీ క్యాపు, మఫ్లరు, చేతిలో కర్ర. పొద్దున్నే గాలి స్వచ్ఛంగా ఉంటుందని చిన్నప్పటి నుంచీ విన్నాం కాబట్టి వస్తారు. వానాకాలంలో ఆ మాట చెల్లుతుంది. చలికాలంలో, అదీ గుట్టల మధ్య నది ఒడ్డున ఉన్న ఊళ్ళో, చెల్లదు. ఆ నెలల్లో రోజు మొత్తమ్మీద ఎక్కువ పొగ పీల్చే వేళల్లో అదొకటి.

భద్రాచలం, సారపాక, బూర్గంపాడు వాళ్ళను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. మణుగూరు, పాల్వంచ, కూనవరం, చింతూరు వాళ్ళకూ ఇందులో చాలావరకు పనికొస్తుంది. పెద్ద నగరాల గాలి గురించి పేపర్లో రోజూ అంకెలు వస్తాయి. 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో తెలంగాణ నుంచి హైదరాబాదు, నల్లగొండ, పటాన్‌చెరు, సంగారెడ్డి ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ నుంచి రాజమండ్రి, విజయవాడ, విశాఖతో కలిపి 13 ఊళ్ళున్నాయి. మన్యం ఒడ్డునున్న చిన్న ఊళ్ళ పేర్లు వాటిలో లేవు. అందుకే మన గాలి సంగతి ముందుగా మనమే చూసుకోవాలి. దీనికి పెద్దగా ఖర్చు లేదు. ఎక్కువ భాగం వేళలు మార్చుకోవడమే.

మొదట, పొగ ఎందుకు కదలదో తెలుసుకోండి

ఇది తెలిస్తే మిగతావన్నీ మీకే తడతాయి.

పగలు ఎండకు నేల వేడెక్కుతుంది. నేలనంటిన గాలి వేడెక్కి పైకి లేస్తుంది, తనతో పొగనూ దుమ్మునూ పైకి మోసుకుపోతుంది. చలికాలపు రాత్రి ఆకాశంలో మబ్బు ఉండదు, గాలి వీచదు. నేల తన వేడినంతా వదిలేసి త్వరగా చల్లబడుతుంది. గుట్టల మీద చల్లబడ్డ గాలి బరువెక్కి, మెల్లగా జారి నది వైపు పల్లానికి చేరుతుంది. కింద చల్లగాలి, దాని పైన కొంచెం వెచ్చటి గాలి. మామూలుగా ఉండాల్సిన దానికి ఇది తలకిందులు. ఆ వెచ్చటి పొర గిన్నె మీద మూతలా కూర్చుంటుంది. కింద ఊరు వదిలే పొగంతా ఆ మూత కిందే ఉండిపోతుంది.

దీన్ని కళ్ళారా చూడొచ్చు. గాలి లేని ఓ జనవరి పొద్దున ఆరింటికి, కట్టెల పొయ్యి వెలిగించిన టీ కొట్టు దగ్గర నిలబడండి. పొగ మొదట నిటారుగా లేస్తుంది. కొబ్బరి చెట్టు ఎత్తు దాటేలోపే ఏదో తగిలినట్టు ఆగి, అడ్డంగా పరుచుకుని, పలచటి నీలం చారగా నది వైపు జరుగుతుంది. పక్క వీధి పొగా అదే ఎత్తులో వచ్చి దానితో కలుస్తుంది. మధ్యాహ్నం రెండింటికి అదే పొయ్యి దగ్గరకు వెళ్ళండి. పొగ మెలికలు తిరుగుతూ పైకి పోయి కనబడకుండా చెదిరిపోతుంది. పొయ్యి అదే, కట్టె అదే. మారిందల్లా పైనున్న మూత.

అందుకే నేనొక మాట గట్టిగా చెబుతాను. చలికాలంలో దూరంగా ఉన్న పెద్ద పొగ గొట్టం కంటే మీ వీధిలో నేల మీద కాలే చిన్న మంట మీ ఊపిరితిత్తులకు ఎక్కువ చేరుతుంది. పెద్ద గొట్టాల పొగ చాలాసార్లు మూతకు పైనే ఉంటుంది. అయితే దానికీ ఒక వేళ ఉంది. పొద్దెక్కి మూత విడిపోయేటప్పుడు పైన ఆగిన పొగ కాసేపు కిందికి కలుస్తుంది. మంచు విడిచింది, ఎండ వచ్చింది, ఇక బాగుందనుకునే ఎనిమిదిన్నర, తొమ్మిది గంటలప్పుడు గాలి బాగుపడకపోగా కొంతసేపు ఇంకా చెడొచ్చు. పిల్లలు బడికి పోయే వేళ సరిగ్గా అదే.

మంచా, పొగా? తేడా పట్టడం

గోదావరి మీద చలికాలం మంచు సహజం. నీళ్ళు నేలకంటే వెచ్చగా ఉంటాయి, ఆవిరి లేచి చల్లగాలి తగిలి మంచవుతుంది. ఉత్త మంచు తెల్లగా ఉంటుంది. బయట పెట్టిన బండి సీటు తడుస్తుంది, వెంట్రుకల మీద సన్నటి నీటి బొట్లు నిలుస్తాయి, వాసన ఉండదు. పొగ కలిస్తే తెలుపులోకి బూడిద రంగో పసుపు ఛాయో వస్తుంది. గొంతు గరగరలాడుతుంది, కాలిన ప్లాస్టిక్ వాసనో ఆకుల వాసనో తగులుతుంది. పొద్దెక్కినా ఆవలి గుట్టల మొదట్లో అడ్డంగా గీత గీసినట్టు ఒక పొర మిగిలి ఉంటే అది మంచు కాదు.

ఇప్పుడు కొలవడం. మీ డాబా మీద నుంచి కనిపించే మూడు గుర్తులు ఎంచుకోండి. దగ్గరిది వీధి చివర నీళ్ళ ట్యాంకు, మధ్యది గుడి గోపురమో వంతెనో, దూరానిది అవతలి గుట్ట. రోజూ ఒకే వేళకు, అంటే పొద్దున తొమ్మిదింటికీ మధ్యాహ్నం మూడింటికీ, వాటిలో ఏది స్పష్టంగా ఉందో, ఏది మసకగా ఉందో క్యాలెండరు గడిలో రాయండి. ఒక ఫోటో తీసి పెట్టుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇలా రాస్తే మీ ఊరి గాలి నడక మీకు బోధపడుతుంది. తర్వాత అధికారుల ముందు మాట్లాడాల్సి వస్తే ఆ ఫోటోలే సాక్ష్యం.

కొలిచే మీటరు కొందామనుకుంటే కొనండి గానీ, దాని గుణం తెలుసుకుని వాడండి. ఇళ్ళలో వాడే చిన్న మీటర్లు లేజరు కాంతి వేసి, రేణువుల మీద పడి చెదిరిన కాంతిని బట్టి లెక్క కడతాయి. మంచు బిందువుకూ పొగ రేణువుకూ వాటికి తేడా తెలియదు. తేమ 80 శాతం దాటిన పొద్దున అవి ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. తెల్లవారుజామున 200 కనిపించగానే హడలిపోకండి. మంచు ఆరాక వచ్చిన అంకెను నమ్మండి. మీటరును వంటింటి కిటికీకి దూరంగా, చూరు కింద, ఎండా వానా తగలని చోట పెట్టండి.

చూడాల్సిన అంకె పీఎం 2.5. అంటే 2.5 మైక్రాన్లు, అంతకంటే సన్నటి రేణువులు. ముక్కు వెంట్రుకలు వీటిని ఆపలేవు. ఇవి ఊపిరితిత్తుల అడుగు దాకా పోతాయి, వాటిలో మరీ సన్నటివి రక్తంలోకీ చేరతాయి. 24 గంటల సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదని 2009 నుంచి మన దేశ ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన సిఫారసును 15కు తగ్గించుకుంది. నా సలహా ఇది. 30 లోపుంటే మీ పనులు మీరు చేసుకోండి. 60 దాటితే ఉబ్బసం ఉన్నవాళ్ళు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు బయట శ్రమ తగ్గించుకోవాలి. 90 దాటితే పిల్లల ఆటలు సాయంత్రం నుంచి మధ్యాహ్నానికి మార్చండి. 120 దాటిందంటే కేంద్రం వాడే గాలి నాణ్యత సూచీ ప్రకారమే అది చాలా చెడ్డ గాలి. ఎవరూ పరుగులు పెట్టే రోజు కాదు.

ఏడాదిలో ఏ నెల ఏ పొగ

నవంబరు నుంచి ఫిబ్రవరి నడుమ దాకా మూత కాలం. చలిమంటలు, నీళ్ళ పొయ్యిలు, ఊడ్చిన చోటే తగలబెట్టే చెత్త, కోతయ్యాక వరి కొయ్యకాళ్ళు, ఆ తర్వాత పత్తి కట్టె.

ఫిబ్రవరి చివర నుంచి మే దాకా అడవి పొగ. ఎండుటాకు నేలంతా పరుచుకుని ఉంటుంది. ఇప్పపూలు ఏరుకోవడానికి వీలుగా చెట్టు కింద ఆకు కాలుస్తారు, తునికాకు కొత్త చిగురు బాగా వస్తుందని పొదలకు నిప్పు పెడతారు, ఎక్కడో చుట్ట పారేస్తారు. నిప్పు గుట్ట ఎక్కితే రోజుల తరబడి కాలుతుంది. రాత్రిళ్ళు గుట్టల మీద ఎర్రటి దండలా కనిపించేది అదే. పగలు గాలి బాగా కదులుతుంది కాబట్టి పొగ చెదురుతుంది. రాత్రికి మళ్ళీ పల్లానికి దిగుతుంది. ఎండాకాలంలో దుమ్ము కూడా తోడవుతుంది. ఇసుక లారీలు, బొగ్గు లారీలు, ఎండిన బూడిద చెరువుల నుంచి లేచే బూడిద, మిరప కల్లాల ఘాటు.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన గాలిని కడిగేస్తుంది. కిటికీలు తెరిచి పెట్టుకునే నెలలివి. వరద వచ్చిన ఏడు మాత్రం అక్టోబరు వేరుగా ఉంటుంది. దాని గురించి కింద చెబుతాను.

వేళలు మార్చండి

ఖర్చు లేనిదీ, అన్నిటికంటే ఎక్కువ పనిచేసేదీ ఇదే.

డిసెంబరు, జనవరిల్లో నడకను మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల మధ్యకు మార్చుకోండి. అంత తీరిక లేనివాళ్ళు పొద్దున పదిన్నర తర్వాత నడవండి. తెల్లవారుజామునే లేచే అలవాటు మానక్కర్లేదు. ఆ గంట ఇంట్లో ప్రాణాయామమో, ఆసనాలో, పూజో చేసుకోండి. అయితే ప్రాణాయామం కరకట్ట మీద కాదు, తలుపులు వేసిన గదిలో. గట్టిగా, లోతుగా ఊపిరి పీల్చే పని ఏదైనా పొగలో చేస్తే పొగే లోతుకు పోతుంది.

ఇల్లు తెరిచే వేళ కూడా మార్చండి. తెల్లవారగానే తలుపులూ కిటికీలూ బార్లా తీయడం మనకు అలవాటు. చలికాలంలో సాయంత్రం ఐదున్నరకు కిటికీలు మూసి, మర్నాడు పదింటికి తెరవండి. పదకొండు నుంచి నాలుగు దాకా ఇల్లంతా గాలాడనివ్వండి, దుప్పట్లు అప్పుడే ఎండలో వేయండి. ఇంట్లో కట్టెల పొయ్యి ఉంటే మాత్రం వంట జరుగుతున్నంతసేపూ వంటింటి కిటికీ తెరిచే ఉంచాలి, వంటింటికీ పడకగదికీ మధ్య తలుపు మూయాలి. ఇంకో మాట. చలి కాచుకోవడానికి కుంపటిని మూసిన గదిలో పెట్టుకుని ఎవరూ పడుకోకూడదు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ముక్కోటి ఏకాదశికి ఉత్తర ద్వార దర్శనం తెల్లవారుజామునే కదా, వేళ మార్చడం కుదరదు. ఉబ్బసం ఉన్న పెద్దవాళ్ళను తీసుకొస్తుంటే మాస్కు పెట్టించండి, ఇన్హేలరు సంచిలో కాకుండా జేబులో ఉంచండి. కర్పూరం పళ్ళేల గుంపుకు కొంచెం ఎడంగా నిలబెట్టండి.

ఇంట్లో మనమే పుట్టించే పొగ

బయట పొగకు తలుపులు మూసి, లోపల దోమల చుట్ట వెలిగిస్తే ఏం లాభం? ఒక్క దోమల చుట్ట కాలితే వెలువడే సన్న రేణువులు 75 నుంచి 137 సిగరెట్ల పొగకు సమానమని 2003లో ఒక పరిశోధన లెక్క కట్టింది. మూసిన గదిలో, పసిపిల్ల మంచం కింద పెట్టే వస్తువు అది. దానికి బదులు దోమతెర కట్టండి. నది ఒడ్డున మలేరియా, డెంగీ భయం ఉన్న మనకు దోమతెర ఎలాగూ కావలసిందే.

సాంబ్రాణి సంగతి చెప్పడానికి కొంచెం మనసు కష్టంగానే ఉంది. నీళ్ళు పోయగానే పసిబిడ్డను ఒళ్ళో పడుకోబెట్టుకుని, నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, బుట్ట బోర్లించి, ఆ పొగ మీద జుట్టు ఆరబెట్టడం మన అమ్మమ్మల ప్రేమలో భాగం. కానీ నెలల బిడ్డ ఊపిరితిత్తులు ఇంకా పెరుగుతూ ఉంటాయి, పెద్దవాళ్ళకంటే వేగంగా ఊపిరి తీసుకుంటుంది. ఆ పొగ బిడ్డకు మంచిది కాదు. మెత్తటి పాత నూలు చీర ముక్కతో అద్ది, మధ్యాహ్నపు ఎండ పొడలో కాసేపు పడుకోబెడితే జుట్టు ఆరిపోతుంది. అమ్మమ్మ ఒప్పుకోకపోతే ధూపం దేవుడి గదిలో వేయండి, బిడ్డ అవతలి గదిలో ఉండనివ్వండి. అగరుబత్తీలు గుత్తి కాకుండా ఒక్కటి చాలు.

ఒక గదిని శుభ్రమైన గదిగా ఎంచుకోండి. ఇంట్లో జబ్బు ఉన్నవాళ్ళు, చంటిపిల్లలు పడుకునే గది అయితే మంచిది. కిటికీ సందుల్లో పాత గుడ్డో రబ్బరు పట్టీయో పెట్టండి. చీపురు కాకుండా తడిగుడ్డతో తుడవండి. ఫ్యాను గాలిని తిప్పుతుంది, వడకట్టదు. ఇళ్ళలో పెట్టే మామూలు ఏసీ కూడా అంతే. మనీ ప్లాంటు అందంగా ఉంటుంది, పొగకు మాత్రం పనిచేయదు. గాలి వడకట్టే యంత్రం కొనేట్టయితే పెట్టె మీది ప్రకటన కాదు, గంటకు ఎన్ని ఘనపు మీటర్ల శుభ్రమైన గాలి ఇస్తుందో చూడండి. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గదిలో సుమారు 34 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. గంటకు ఐదుసార్లు వడకట్టాలంటే 170 కావాలి. అంతకు తగ్గిన యంత్రం అలంకారమే.

నీళ్ళ పొయ్యి, చలిమంట, భోగి

చలికాలం పొద్దున స్నానాల నీళ్ళకు ఇంటింటా పొయ్యి వెలుగుతుంది. సౌర గీజరు పెట్టుకోగలిగినవాళ్ళు పెట్టుకోండి, గ్యాసు మీద కాచుకోగలిగితే కాచుకోండి. కట్టె తప్పదంటే పొగ తక్కువ వచ్చేట్టు కాల్చే పద్ధతి ఉంది. కట్టెను ముందే చీల్చి, కనీసం ఆరు నెలలు వాన తగలని చోట ఎండబెట్టండి. రెండు కట్టెలు కొట్టి చూస్తే ఠంగుమనాలి. ధప్పుమంటే ఇంకా పచ్చి. పొయ్యిలో లావు కట్టె కింద, సన్న పుల్లలు పైన పేర్చి, పైనుంచి అంటించండి. కింది నుంచి లేచే ఆవిరి పైనున్న మంటలోంచి పోతూ కాలిపోతుంది, పొగ బాగా తగ్గుతుంది. అంటించడానికి పాల ప్యాకెట్లు, కవర్లు, పాత చెప్పులు వాడకండి. కొబ్బరి పీచు చాలు.

చలిమంటలో టైరు వేసే అలవాటు పూర్తిగా పోవాలి. ఆటో స్టాండు దగ్గర, చెక్‌పోస్టు దగ్గర రాత్రంతా చలిలో ఉండేవాళ్ళను మంట వేసుకోవద్దనడం న్యాయం కాదు. వాళ్ళకు ఎండు కట్టె దొరికేట్టు చూడటం వీధివాళ్ళ పని. కట్టె దొరికితే టైరు ఎవరూ వేయరు.

భోగి మంట తెల్లవారకముందే వేస్తాం, అంటే మూత గట్టిగా బిగిసి ఉన్న వేళ. పండగ మానమని ఎవరూ అనరు. ఇంటికొక మంట కాకుండా వీధికొకటి వేయండి. పిడకలు, ఎండు కట్టె, పాత చెక్క సామాను వేయండి. రంగు వేసినవీ, ప్లైవుడ్డూ, ప్లాస్టిక్ కుర్చీలూ వద్దు. మంట పెద్దగా, చురుగ్గా కాలి త్వరగా చల్లారాలి. రాజుకుంటూ పొద్దెక్కేదాకా ఉంటేనే అసలు పొగ, కాబట్టి చివర నీళ్ళు చల్లి ఆర్పండి. భోగి పిడకల దండలు పిల్లల చేత వేయించండి, ఆయాసం ఉన్న తాతను కిటికీలోంచి చూడమనండి.

పొలం, అడవి

పత్తి తీయడం అయ్యాక కట్టెను పీకి కుప్ప పోసి కాల్చేస్తాం. ట్రాక్టరుకు తగిలించే ష్రెడ్డరుతో ముక్కలు చేసి భూమిలో కలియదున్నితే పొగ ఉండదు, నేలకు ఎరువు. గులాబీ పురుగు కట్టెలోనే దాగి మరుసటి పంటకు వస్తుందన్న భయం సహజమే. దానికి విరుగుడు, కట్టెను సంక్రాంతి తర్వాత పొలంలో నిలబెట్టి ఉంచకుండా తొందరగా తీసి ముక్కలు చేయడం. ఊరంతా కలిసి ఒక యంత్రం బాడుగకు తెచ్చుకుంటే ఒక్కొక్కరికి భారం తగ్గుతుంది. కాల్చక తప్పని పరిస్థితి వస్తే సాయంత్రం కాకుండా మధ్యాహ్నం పన్నెండు, రెండు గంటల మధ్య, గాలి ఊరి వైపు లేనప్పుడు, చుట్టూ దున్ని, నీళ్ళు దగ్గర పెట్టుకుని చేయండి.

ఇప్పచెట్టు కింద ఆకు కాల్చే బదులు ఊడ్చేసి పాత చీరో వలో పరిస్తే పూలు మట్టి అంటకుండా వస్తాయి, ధరా బాగా పలుకుతుంది. తునికి పొదలకు నిప్పు కాదు, కొమ్మ కొట్టడం సరైన పద్ధతి.

అడవి మంట ఎక్కడుందో ఫోనులో చూడొచ్చు. నాసా వాళ్ళ ఫర్మ్స్ పటం ఉచితం. పటంలో మీ ఊరిని పెద్దది చేసి, గత 24 గంటలు అని ఎంచుకుంటే ఉపగ్రహానికి కనిపించిన మంటలు ఎర్రటి చుక్కలుగా వస్తాయి. చుక్కను తాకితే వేళ కనిపిస్తుంది. ఒక్కో చుక్క 375 మీటర్ల గడి, కాబట్టి సరిగ్గా ఆ చోటే అనుకోకండి. ఫ్యాక్టరీ వేడి కూడా ఒక్కోసారి చుక్కగా వస్తుంది. రోజూ అదే చోట కనిపించే చుక్క అడవి మంట కాకపోవచ్చు. కొత్త చుక్కలు గుట్టల మీద వరుసగా కనిపిస్తే అటవీ శాఖ బీట్ ఆఫీసరుకు ఫోను చేయండి, ఆ రాత్రికి మీ కిటికీలు మూయండి.

మాస్కు, మందు

మొహానికి చుట్టుకునే తువ్వాలు, స్కార్ఫు దుమ్మును కొంత ఆపుతాయి. పొగను ఆపవు. ఎన్‌95 కావాలి. చెవులకు తగిలించేదానికంటే తల వెనక రెండు పట్టీలున్నది బాగా అతుకుతుంది. పెట్టుకుని గట్టిగా ఊపిరి వదలండి. కళ్ళద్దాలు మసకబారితే ముక్కు దగ్గర సందు ఉన్నట్టే. ఉతక్కూడదు. మురికి పట్టినా, ఊపిరి బరువైనా మార్చేయాలి. రెండేళ్ళలోపు పిల్లలకు మాస్కు పెట్టకూడదు, వాళ్ళను ఇంట్లో ఉంచడమే దారి. వీధులూడ్చే పంచాయతీ కార్మికులకు ఇవి అందరికంటే ముందు అందాలి. తెల్లవారుజామున పొగలోనూ దుమ్ములోనూ నిలబడి పనిచేసేది వాళ్ళే.

ఉబ్బసం, సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకై ఏళ్ళ తరబడి వేధించే ఆయాసం జబ్బు) ఉన్నవాళ్ళు దీపావళికి ముందే డాక్టరును కలిసి చలికాలానికి మందు మోతాదు మాట్లాడుకోండి. ఫ్లూ టీకా గురించి అడగండి. రోజూ వాడే ఇన్హేలరును 'ఇప్పుడు బాగానే ఉంది కదా' అని మానేయడమే మన దగ్గర ఎక్కువగా జరిగే పొరపాటు. అది ఆయాసం వచ్చాక వాడేది కాదు, రాకుండా వాడేది. మాట పూర్తిగా పలకలేనంత ఆయాసం, పెదాలు నీలబడటం, పిల్లల్లో డొక్కలు ఎగరేయడం, ఆక్సిజన్ 92 కంటే తగ్గడం, ఛాతీలో నొప్పి. వీటిలో ఏది కనిపించినా ఆవిరి పట్టుకుంటూ కూర్చోకండి, 108కి ఫోను చేయండి.

వరద తీశాక ఒండ్రు

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. 1986లో 75.6 అడుగులు. నీళ్ళు తీశాక వీధుల్లో, ఇళ్ళలో సన్నటి ఒండ్రు మిగులుతుంది. తడిగా ఉన్నంతకాలం అది బురద. ఎండాక ప్రతి బండి చక్రం కిందా లేచే పిండిలాంటి దుమ్ము, దానిలో మురుగు కాలువల సరుకూ కలిసి ఉంటుంది. అందుకే ఒండ్రును తడి ఆరకముందే పారతో ఎత్తి వీధి చివర కాదు, ఊరి బయట పోయించాలి. ఆరిపోయిందా, నీళ్ళు చల్లి నానాకే ఎత్తండి. పొడిగా చీపురు పట్టొద్దు. ఎత్తేవాళ్ళకు మాస్కు, బూట్లు తప్పనిసరి.

ఫిర్యాదు, సమాచారం అడగడం

చెత్తను బయట తగలబెట్టడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో నిషేధించింది. మామూలు మంటకు 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 జరిమానా అంది. మీ వీధిలో ఊడ్చిన చెత్త అక్కడే కాలుతుంటే కార్మికుడితో తగవు పడకండి. బండి రాకపోతే ఆయన మాత్రం ఏం చేస్తాడు? పంచాయతీ కార్యదర్శికి చెప్పండి. వారమైనా మారకపోతే తేదీ, వేళ, చోటు రాసి, ఫోటోలు జతచేసి కలెక్టరు ఆఫీసులో సోమవారం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చి రసీదు తీసుకోండి. 'ఊరంతా కాలుష్యం' అని రాస్తే కాగితం ఎటూ కదలదు. 'ఫలానా సందులో రోజూ ఆరింటికి' అని రాస్తే ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సి వస్తుంది.

మన ప్రాంతంలో విద్యుత్ కేంద్రాలు, బొగ్గు గనులు, కాగితం మిల్లు ఉన్నాయి. పర్యావరణ అనుమతి పొందిన ప్రతి ప్రాజెక్టూ ఏటా జూన్ 1కీ డిసెంబరు 1కీ షరతుల అమలుపై నివేదిక ఇవ్వాలని కేంద్రం 2006లో ఇచ్చిన పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ చెబుతోంది. అవి ప్రజలు చూడదగ్గ పత్రాలు. గాలిని కొలవాలన్న షరతు ఉన్న చోట చుట్టుపక్కల ఊళ్ళలో కొలిచిన అంకెలు ఆ నివేదికల్లోనే ఉంటాయి. దొరక్కపోతే సమాచార హక్కు చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలికి దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. అడిగేటప్పుడు ఏడాది సగటు అడగొద్దు. వానాకాలం నాలుగు నెలల శుభ్రమైన గాలి కలిసిపోయి ఆ అంకె బాగానే కనిపిస్తుంది. డిసెంబరు 1 నుంచి ఫిబ్రవరి 15 వరకు, ఏ ఊళ్ళో, ఏ తేదీన, ఏ గంట నుంచి ఏ గంట వరకు కొలిచారో, పీఎం 2.5, పీఎం 10 విడివిడిగా ఇవ్వమని రాయండి. మీ క్యాలెండరు గడుల్లో రాసుకున్న రోజులను ఆ అంకెల పక్కన పెట్టి చూసుకోవచ్చు.